మడకశిర సీమ శాసనాల్లో నిత్యత్వ భావన: ఆత్మ, దేహం, పేరు

ప్రవేశిక

చావు లేని స్థితిని గురించిన ఆలోచన అన్ని మతాల్లోనూ, దర్శనాల్లోనూ ఉంది. ఆ ఆలోచనను పరిశీలించేవారు సాధారణంగా ఉపనిషత్తులను, ఆగమాలను, భాష్యాలను ఆధారం చేసుకుంటారు. గ్రంథంలోని సిద్ధాంతం ఒక ఊళ్లో, ఒక కాలంలో, ఒక మనిషి మరణం ఎదుట ఏ రూపం తీసుకుందో తెలిపే ఆధారాలు తక్కువగా దొరుకుతాయి. అవి ఎక్కువగా లభించే ప్రాంతాల్లో మడకశిర సీమ ఒకటి.

పూర్వపు అనంతపురం జిల్లాలో నైరుతి మూలన ఉండి, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం కర్ణాటకలోని శిర, పావగడ, మధుగిరి సీమల మధ్యకు చొచ్చుకొని ఉంటుంది. జనం తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతారు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అమరాపురం సమీపంలోని హేమావతి ఒకప్పటి హెంజేరు. క్రీ.శ. 8వ శతాబ్ది నుంచి 11వ శతాబ్ది దాకా నొళంబవాడిని ఏలిన నొళంబ పల్లవులకు అది రాజధాని. ఆ తరువాత చోళ వంశీయులుగా చెప్పుకున్న స్థానిక పాలకులు హెంజేరు, నిడుగల్లుల నుంచి ఈ సీమను ఏలారు.

ఈ పాలకుల కాలంలో ఇక్కడ శైవం, జైనం పక్కపక్కనే వర్ధిల్లాయి. వాటి జాడలుగా నిషిధి శిలలు, వీరగల్లులు, సిద్ధుల స్థానాలు, దాన శాసనాలు మిగిలాయి. మరణాన్ని దాటి ఏదో ఒకటి నిలుస్తుందన్న నమ్మకం వీటన్నిటిలోనూ ఉంది. ఏది నిలుస్తుంది అన్న విషయంలో మాత్రం అవి ఏకీభవించవు. ఒకటి ఆత్మ అంటుంది, ఒకటి దేహం అంటుంది, మరొకటి పేరు అంటుంది. ఈ మూడు సమాధానాల మధ్య భేదాన్ని, అవి కలిసే చోటును మడకశిర సీమ ఆధారాలతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాలు - అర్థ భేదాలు

తెలుగులో ఈ భావనకు అనేక పదాలున్నాయి. వాటిని పర్యాయపదాలుగా వాడటం వల్ల భేదాలు మరుగున పడుతున్నాయి. ‘అమరత్వం’ దేవతల స్థితి. అమృతం తాగి మరణాన్ని తప్పించుకోవడం. ‘చిరంజీవిత్వం’ దేహంతో దీర్ఘకాలం ఉండటం. ‘మోక్షం’ జనన మరణ చక్రం నుంచి విడుదల. క్రైస్తవ వాఙ్మయం ద్వారా స్థిరపడిన ‘నిత్యజీవం’ దైవం అనుగ్రహించే జీవితం. ‘శాశ్వత కీర్తి’ మనిషి పోయాక లోకంలో నిలిచే పేరు.

చిరంజీవిత్వం ఎప్పుడూ వరమే కాదు. భారత కథలో అశ్వత్థామకు అది శాపం. మానని గాయాలతో, తోడు లేకుండా వేల ఏళ్లు తిరగవలసిన స్థితి అది. కఠోపనిషత్తులో యముడు కోరినన్ని ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నా, ఎంత ఆయుష్షయినా స్వల్పమేనని నచికేతుడు తిరస్కరించాడు. ఆయుష్షును పొడిగించుకోవడం ఒకటి, మృత్యువును దాటడం మరొకటి అన్న వివేకం అక్కడ కనిపిస్తుంది.

జైన దర్శనం ఈ భేదాన్ని మరింత దూరం తీసుకువెళ్లింది. జైనుల దృష్టిలో జీవుడు అనాది, అనంతుడు. ముక్తి పొందినా పొందకపోయినా అతనికి నాశనం లేదు. అందువల్ల ‘జీవుడు నిత్యుడు’ అన్న మాట క్రైస్తవునికి వినిపించినట్టు శుభవార్తగా జైనునికి వినిపించదు. కర్మబంధం తెగనంతకాలం ఆ నిత్యత్వమే అంతులేని జన్మ పరంపర. క్రైస్తవంలో నిత్యజీవం పొందవలసిన ఫలం. జైనంలో జీవ నిత్యత్వం పరిష్కరించవలసిన సమస్యకు మూలం. ఒకే రెండు పదాలు, నిత్యం, జీవం, రెండు మతాల్లో ఇంత దూరంగా నిలిచాయి. ఈ దూరాన్ని గుర్తుంచుకొని మడకశిర సీమ నిషిధులను చదవాలి.

ఆత్మ: ఇద్దరు దార్శనికుల నిషిధులు

మడకశిర తాలూకాలోని పాటశివరంలో లభించిన ఒక కన్నడ శాసనం వీరనంది సిద్ధాంత చక్రవర్తి శిష్యుడైన పద్మప్రభ మలధారిదేవుని మరణాన్ని నమోదు చేసింది. కాలం శక 1107, అంటే 1185 ప్రాంతం. పశ్చిమ చాళుక్య నాలుగవ సోమేశ్వరుని సార్వభౌమత్వం కింద హెంజేరు చోళులు పాలిస్తున్న రోజులవి. కుందకుందాచార్యుని ప్రాకృత గ్రంథం ‘నియమసారం’పై ‘తాత్పర్యవృత్తి’ అనే సంస్కృత వ్యాఖ్య రాసిన పద్మప్రభ మలధారిదేవుడు ఇతడేనని పి.బి. దేశాయి వంటి పరిశోధకులు గుర్తించారు. పేరు, మలధారి బిరుదు, గురువైన వీరనంది పేరు కలవడం ఈ గుర్తింపుకు ఆధారం. దేశాయి 1957లో దక్షిణ భారత జైనం గురించి వెలువరించిన గ్రంథం ఈ ప్రాంత జైన శాసనాల అధ్యయనానికి నేటికీ ప్రధాన ఆధారం. కుందకుందుని స్వస్థలం అనంతపురం జిల్లాలో గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అన్న ప్రతిపాదన కూడా ఆయనదే. దీన్ని అంగీకరిస్తే మూలకారుని ఊరు, వ్యాఖ్యాత చివరి చోటు రెండూ పూర్వపు అనంతపురం జిల్లాలోకే వస్తాయి.

నియమసారం చివరి అధికారం నిర్వాణ స్వరూపాన్ని నిషేధ వాక్యాలతో చెబుతుంది. అక్కడ దుఃఖం లేదు, లౌకిక సుఖం కూడా లేదు. బాధ లేదు, పుట్టుక లేదు, చావు లేదు. ఇంద్రియాలు లేవు, ఆకలిదప్పులు లేవు. ముక్తజీవుడు లోకాగ్రానికి చేరి అక్కడ నిలుస్తాడు. దానికి పైన గమనానికి తోడ్పడే ధర్మద్రవ్యం లేదు కనుక అతడు ఇక కదలడు. స్వర్గ భోగాలతో పోల్చదగినది ఈ వర్ణనలో ఏదీ లేదు. నిర్వాణాన్ని ఇలా వివరించిన గ్రంథానికి వ్యాఖ్య రాసిన మునికి అతని వెనకటివారు చెక్కించిన శిలలో సంవత్సరం, గురు పరంపర, బిరుదులు ఉన్నాయి. ముక్తునికి కాలం లేదు. శిలకు తేదీ కావలసివచ్చింది.

రెండవ నిషిధి అమరాపురంలోనిది. మూలసంఘానికి, సేనగణానికి చెందిన భావసేన త్రైవిద్య చక్రవర్తి నిషిధి అది. వాదులనే పర్వతాలకు వజ్రం వంటివాడన్న అర్థం గల బిరుదు ఆ శాసనంలో ఉంది. వ్యాకరణం, తర్కం, ఆగమం అనే మూడు విద్యల్లో పారంగతుడు ‘త్రైవిద్యుడు’. భావసేనుని ‘విశ్వతత్త్వప్రకాశం’ పరమత ఖండన గ్రంథం. అందులో మొట్టమొదట ఎదురయ్యే ప్రతిపక్షం చార్వాకం. పదార్థాలు పులిసినప్పుడు మత్తు పుట్టినట్టు భూతాల కలయిక వల్ల చైతన్యం పుడుతుందని, దేహంతోనే అది నశిస్తుందని చార్వాకులు వాదిస్తారు. భావసేనుడు దీన్ని ఖండించి జీవుడు అనాది, అనంతుడని స్థాపించాకే తక్కిన దర్శనాల జోలికి వెళ్లాడు. జీవుడు దేహంతోపాటు పోతే మోక్షమార్గానికి అర్థమే ఉండదు కనుక ఈ క్రమం సహజమైనది.

ఈ విధంగా ఆత్మ నిత్యత్వాన్ని గురించి సంస్కృతంలో రచనలు చేసిన ఇద్దరు దార్శనికుల స్మారక శిలలు ఒకే తాలూకాలో ఉన్నాయి. తెలుగు సాహిత్య చరిత్రలు వీరిని పట్టించుకోలేదు. వారు తెలుగులో రాయలేదు. వారి శిలలు కన్నడంలో ఉన్నాయి. భాషను బట్టి గీసుకున్న హద్దు వల్ల తెలుగు నేల మీద జరిగిన ఒక పెద్ద తాత్త్విక చర్చ తెలుగు శాఖల పాఠ్యాల వెలుపల ఉండిపోయింది.

కరవు, సల్లేఖన

నిషిధి అనగానే సల్లేఖన వ్రతం గుర్తుకు వస్తుంది. ప్రతి నిషిధీ సల్లేఖన మరణాన్నే సూచించదు. అయినా ఆ వ్రతం వెనుక ఉన్న ఆలోచన తెలియకుండా నిషిధుల అర్థం బోధపడదు. సమంతభద్రుని ‘రత్నకరండ శ్రావకాచారం’ సల్లేఖనకు తగిన సందర్భాలను పేర్కొంది. తప్పించుకోలేని ఉపద్రవం, దుర్భిక్షం, వార్ధక్యం, నయంకాని రోగం అన్నవి అవి. ఈ జాబితాలో దుర్భిక్షం ఉండటం గమనించదగింది. మగధలో పన్నెండేళ్ల కరవు వచ్చినప్పుడు భద్రబాహువు శిష్యగణంతో దక్షిణానికి వచ్చి శ్రవణబెళగొళలో దేహం చాలించాడన్నది జైన సంప్రదాయం. వానలు తప్పడం మామూలైన పీఠభూమిలో ఇది పుస్తకంలోని మాటగా మాత్రమే మిగిలి ఉండదు. తిండి దొరకని చోట ముని నియమం తప్పి బతకడమా, నియమంతో దేహం వదలడమా అన్నది అక్కడ నిజమైన ప్రశ్న.

సల్లేఖన ఆత్మహత్య కాదని జైన శాస్త్రం చెప్పే కారణాలు స్పష్టంగా ఉన్నాయి. తత్త్వార్థసూత్రం ఈ వ్రతానికి ఐదు అతిచారాలను పేర్కొంది. ఇంకా బతకాలన్న కోరిక, త్వరగా చావాలన్న కోరిక, మిత్రుల మీద అనురాగం, అనుభవించిన సుఖాలను తలచుకోవడం, వచ్చే జన్మలో ఫలం ఆశించడం అన్నవి ఆ దోషాలు. చావును కోరడం ఇక్కడ తప్పు. స్వర్గాన్ని కోరడం కూడా తప్పే. నిత్యజీవనం మీద ఆశ ఉన్నంతకాలం ముక్తి దొరకదన్న విచిత్రమైన తర్కం ఇందులో ఇమిడి ఉంది.

ఈ చర్చ గతంతో ముగియలేదు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు సంథారాను ఆత్మహత్యతో సమానంగా పరిగణించి తీర్పు ఇచ్చింది. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. వ్రతమా, ఆత్మహత్యా అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఆచరించినవారి సంకల్పం ఏమిటో తెలియాలి. ఆ సంకల్పానికి నాటి సాక్ష్యాలు ఇటువంటి శిలల మీదనే ఉన్నాయి.

నొళంబుల చరిత్రలోనే దీనికి ఒక చెప్పుకోదగ్గ ఉదాహరణ ఉంది. నొళంబుల బలాన్ని అణచి ‘నొళంబకులాంతక’ బిరుదు పొందిన గంగరాజు రెండవ మారసింహుడు రాజ్యం వదిలి, బంకాపురంలో అజితసేనాచార్యుని సన్నిధిలో 974-75 ప్రాంతంలో సల్లేఖనతో మరణించాడు. శ్రవణబెళగొళ శాసనం అతని విజయాలను వరసగా చెప్పి, చివరకు ఈ మరణాన్ని చెబుతుంది. ఒక వంశానికి అంతకుడన్న పేరు తెచ్చుకున్న రాజు తన అంతాన్ని ఉపవాసంతో, గురువు ఎదుట స్వీకరించాడు. శాసన రచయితకు ఈ రెండింటిలో వైరుధ్యం కనిపించలేదు. యుద్ధంలో గెలవడం, దేహాభిమానాన్ని గెలవడం రెండూ అతనికి విజయాలే.

పేరు: వీరగల్లులు

ఇదే నేల మీద, ఇదే కాలంలో మరొక రకం రాళ్లు నిలిచాయి. పశువులను తోలుకుపోయే దొంగలను అడ్డుకొని, ఊరి పొలిమేరల కోసం పోరాడి, రాజు పక్షాన యుద్ధం చేసి చనిపోయినవారికి ఎత్తిన వీరగల్లులవి. వీటిలో పేరొందిన రకానికి మూడు అంతస్తులుంటాయి. కింది భాగంలో పోరు, నడిమి భాగంలో వీరుణ్ణి పైకి తీసుకువెళ్లే దేవకాంతలు, పై భాగంలో శివలింగం ఎదుట కూర్చున్న వీరుడు. గెలిస్తే సంపద, చస్తే దేవకాంత అన్న అర్థం గల ఉక్తి దక్షిణాది వీర శాసనాల్లో తరచు వినిపిస్తుంది.

జైన ముని వదులుకోవలసిన ఆశను వీరుడు బహుమానంగా అందుకున్నాడు. సల్లేఖనలో ఫలాన్ని ఆశించడం దోషం. వీరమరణంలో ఫలమే ప్రేరణ. అయితే వైదిక సిద్ధాంతం ప్రకారం వీరుని స్వర్గం కూడా శాశ్వతం కాదు. పుణ్యం తరిగాక మళ్లీ మర్త్యలోకానికి రావలసిందేనని గీత చెబుతుంది. శాస్త్ర దృష్టితో చూస్తే వీరుడు పొందింది కొంతకాలపు సుఖం. కాని రాయి మీద అతడు ఎప్పటికీ లింగం ఎదుటే కూర్చొని ఉంటాడు. శాస్త్రం ఇవ్వని శాశ్వతత్వాన్ని శిల్పి ఇచ్చాడు.

ఈ శాశ్వతత్వానికి భౌతికమైన ఆధారం కూడా ఉంది. నొళంబ అయ్యపదేవునికి సహాయంగా గంగరాజు ఎఱెయప్ప పంపిన నాగత్తరుడు వీరమహేంద్రునితో జరిగిన పోరులో మరణించాడు. సుమారు క్రీ.శ. 900 నాటి బేగూరు శిల ఈ విషయాన్ని తెలుపుతుంది. దాని ప్రకారం ఆ మరణానంతరం ఇరుగునికి బేగూరుతో సహా పన్నెండు ఊళ్లు దక్కాయి. వీరుడు స్వర్గానికి వెళితే అతనివారికి భూమి దక్కింది. వీరగల్లు ఎదుట పెట్టే దీపం భక్తికి గుర్తు. అదే రాయి ఆ భూమి మీద హక్కుకు పత్రం. పేరు నిలవడం, పొలం నిలవడం ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

దేహం: సిద్ధులు, సమాధులు

మూడవ సమాధానం దేహానిది. హేమావతిలో ప్రధాన దైవం సిద్ధేశ్వరుడు. శివాలయాల్లో సాధారణంగా కనిపించే లింగానికి బదులు ఇక్కడ మానవరూపంలో కూర్చున్న శివుడు పూజలందుకుంటాడు. ‘సిద్ధ’ శబ్దానికి ఇక్కడ రెండు మతాల్లో రెండు అర్థాలున్నాయి. జైనులకు సిద్ధుడు అంటే దేహాన్ని పూర్తిగా వదిలి లోకాగ్రాన ఉన్న ముక్తజీవుడు. శైవులకు, నాథులకు సిద్ధుడు అంటే దేహాన్నే గెలిచి, దేహంతోనే ఉన్నవాడు. ఒకే మాట దేహత్యాగానికీ, దేహస్థైర్యానికీ పేరయింది.

ఈ రెండు అర్థాలు కలిసిపోయిన చోటు కొనకొండ్లలో ఉంది. అక్కడ తీర్థంకర విగ్రహాలున్న గుట్టను జనం ‘రససిద్ధుల గుట్ట’ అంటారు. రససిద్ధులు పాదరసాన్ని శుద్ధి చేసి లోహాన్ని బంగారంగా, దేహాన్ని అజరామరంగా మార్చగలరని నమ్మకం. దేహం మీద మమకారం విడిచిన జైన మూర్తుల గుట్టకు దేహాన్ని నిలుపుకునేవారి పేరు దక్కింది. జైనులు తగ్గిపోయాక ఆ నిశ్చల దిగంబర మూర్తులను జనం తమకు తెలిసిన సిద్ధ సంప్రదాయంతో అర్థం చేసుకున్నారని ఊహించవచ్చు.

తెలుగు సాహిత్యంలో ఈ భావనకు ప్రధాన ఆధారం 15వ శతాబ్ది కవి గౌరన రచించిన ద్విపద కావ్యం ‘నవనాథ చరిత్ర’. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠంతో సంబంధమున్న ఈ కావ్యంలో కాలుచేతులు నరకబడ్డ సారంగధరుడు మత్స్యేంద్రనాథుని అనుగ్రహంతో అంగాలు తిరిగి పొంది చౌరంగి అనే సిద్ధుడవుతాడు. అన్యాయంగా ఖండించబడ్డ దేహం మళ్లీ నిండుదనం పొందాలన్న కోరిక ఆ కథలో ఉంది. మోక్షశాస్త్రాలు దేహాన్ని బంధమన్నాయి. ఈ కథ విన్నవారు దేహానికి జరిగిన అన్యాయం సరికావాలని కోరుకున్నారు.

రాయలసీమలోని జీవసమాధి సంప్రదాయాన్ని కూడా దేహనిత్యత్వ భావనకు కొనసాగింపుగా చూడాలి. కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సజీవంగా సమాధిలో ప్రవేశించాడని, తిరిగి వస్తాడని భక్తుల విశ్వాసం. కదిరి సమీపంలోని కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. బంగారం చేసే విద్య కోసం తిరిగి, చివరకు ఆ ఆశ విడిచి యోగి అయ్యాడని వేమన గురించిన కథలు చెబుతాయి. రసవాదం నుంచి వైరాగ్యానికి సాగిన ఈ కథాక్రమం దేహనిత్యత్వం మీద జనంలోనే ఉన్న విమర్శకు సాక్ష్యం. మడకశిరకు దగ్గరలోని పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు హిందువులు, ముస్లింలు కలిసి వెళతారు. ‘ఉర్స్’ అన్న అరబ్బీ మాటకు పెళ్లి అని అర్థం. సూఫీ మహాత్ముడు కన్నుమూసిన రోజు అతడు దైవంతో కలిసిన రోజు కనుక ఆనాడు పండుగ చేస్తారు. మహాత్ముడు తన సమాధిలో ఉండే మొర వింటాడన్న నమ్మకం దర్గాకు, బ్రహ్మంగారి మఠానికి ఒక్కటే.

ఆచంద్రార్కం: కాపాడేవారి మీద ఆధారపడిన నిత్యత్వం

ఆత్మ, పేరు, దేహం అనే మూడు సమాధానాలూ కలిసే చోటు దాన శాసనం. దానం ‘ఆచంద్రార్కం’, అంటే చంద్రసూర్యులున్నంత కాలం, సాగాలని శాసనాలు కోరుతాయి. అమరాపురంలో దొరికిన 1278 నాటి శాసనం దీనికి మంచి ఉదాహరణ. ఇరుంగోణదేవ చోళుడు నిడుగల్లు నుంచి పాలిస్తుండగా, బాలేందు మలధారిదేవుని శిష్యుడైన మల్లిసెట్టి తైలంగెరెలోని బ్రహ్మ జినాలయంలో కొలువైన ప్రసన్న పార్శ్వదేవునికి తమ్మడహళ్లిలోని 2,000 పోక చెట్లను దానం చేశాడు. వాటి ఆదాయంతో జినాలయాన్ని పునాది నుంచి శిఖరం దాకా రాతితో కట్టాలన్నది నియమం.

ఆ దానంలో వస్తువు ఏమిటో గమనించాలి. పోక చెట్టు మెట్టపైరు కాదు. ఏడాది పొడవునా తడి కావాలి. వర్షం తక్కువైన సీమలో 2,000 పోక చెట్లు బతకాలంటే చెరువు నిండాలి, కాలువ పారాలి, తోటమాలికి కూలి అందాలి. పార్శ్వనాథుని రాతి గుడి తోట మీద, తోట చెరువు మీద, చెరువు వాన మీద, ఊరివారి శ్రద్ధ మీద ఆధారపడ్డాయి. శాసనంలో చంద్రసూర్యుల దాకా సాగిన కోరిక నేల మీద ఏటేటా పూడిక తీయవలసిన చెరువుతో ముడిపడింది. కడప జిల్లాలోని 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను వివరించింది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు తెలిపింది. నిత్యత్వాన్ని కోరినవారికి దాని వెనుక ఉన్న శ్రమ లెక్క తెలుసు.

ధనం వల్ల అమృతత్వం వస్తుందా అని బృహదారణ్యకంలో మైత్రేయి అడిగింది. ఆ ఆశ లేదన్నాడు యాజ్ఞవల్క్యుడు. జైన సిద్ధాంతం కూడా మల్లిసెట్టికి దానంతో మోక్షం వస్తుందని చెప్పదు. పుణ్యం కూడా కర్మే. మరి ఆ దానం దేనికి? తన మోక్షం కోసం కన్నా, ఇతరులు మోక్షమార్గాన్ని వినగలిగే చోటు నిలవడం కోసం అని చెప్పుకోవచ్చు. తెలుగు కవులు అవతారికల్లో స్మరించిన సప్తసంతానాల భావన ఇదే. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం అనే ఏడూ కర్త పోయాక లోకానికి ఉపయోగపడేవి. వాటిలో చెరువు, గుడి, తోట మూడూ మల్లిసెట్టి దానంలో కలిసి ఉన్నాయి.

దాన శాసనాల చివర వచ్చే శాపాలను, హెచ్చరికలను లాంఛనంగా భావించి పరిశోధకులు దాటవేస్తుంటారు. నిత్యత్వ భావన దృష్ట్యా అవి కీలకమైనవి. తాను ఇచ్చిన దానికన్నా ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం ఎక్కువ పుణ్యమని అవి పదేపదే చెబుతాయి. తన కోరిక తన చేతిలో లేదని దాతకు తెలుసు. తన పేరు ఎరగని రాబోయే తరాల మనిషిని అతడు ఆ మాటల ద్వారా వేడుకుంటున్నాడు. ఆచంద్రార్కమన్న మాట నమ్మకం కన్నా ప్రార్థనకు దగ్గరగా ఉంది.

ఇటువంటి ఆలోచన ఒక్క ఈ సీమకే పరిమితం కాదు. ప్రాచీన మెసొపొటేమియా కావ్యంలో గిల్గమేశ్ చావు లేని బతుకు కోసం లోకాంతం దాకా వెళ్లి, దొరికిన మూలికను పాముకు పోగొట్టుకొని ఊరికి తిరిగివస్తాడు. చివరకు అతడు చూపేది తన నగరం ప్రాకారాన్ని. మడకశిర సీమ భేదం ఏమిటంటే, ఇక్కడ చూపవలసింది రాజు కట్టిన ప్రాకారం కాదు. ఒక సెట్టి తోట, ఒక ముని నిషిధి, పశువుల కోసం చచ్చిన వీరుని రాయి చరిత్రలో పక్కపక్కన నిలిచాయి.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే విషయాలు ఇవి. మడకశిర సీమలో నిత్యత్వ భావన ఒక్కటి కాదు. జైనులు ఆత్మ నిత్యత్వాన్ని ముందే ఉన్న సత్యంగా తీసుకొని, దాని నుంచి బంధాన్ని తొలగించడం లక్ష్యమన్నారు. వీర సంప్రదాయం స్వర్గాన్ని వాగ్దానం చేసి, పేరును, భూమిని నిలిపింది. సిద్ధ సంప్రదాయం దేహాన్నే గెలవాలని ఆశించింది. ఈ భావనలు ఒకదాన్ని ఒకటి తుడిచివేయలేదు. ఒక మాట మరొక మతంలో మరొక అర్థంతో బతికింది. సిద్ధ శబ్దం దీనికి నిదర్శనం.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. పోయినవాడు ఏమయ్యాడన్న విషయంలో మతాలు విభేదించినా, ఉన్నవారు ఏం చేయాలన్న విషయంలో విభేదించలేదు. రాయి నిలపాలి, దీపం పెట్టాలి, తోట తడపాలి, ఇతరుల దానాన్ని కాపాడాలి. పేరు ప్రతిష్ఠలను వదులుకున్న పద్మప్రభుని పేరు మనకు తెలియడానికి కారణం అతని వెనకటివారు ఆ పని చేయడమే.

ఇది పరిశోధన రంగానికి ఒక బాధ్యతను సూచిస్తుంది. ఈ శిలలు కన్నడంలో ఉన్నాయి కనుక తెలుగు శాఖలకు, తెలుగు నేల మీద ఉన్నాయి కనుక కన్నడ శాఖలకు పరాయివి కాకూడదు. సరిహద్దు మండలాల శాసనాలను రెండు భాషలూ తెలిసిన పరిశోధకులు కలిసి చదవాలి. నియమసార వ్యాఖ్యాతకు, విశ్వతత్త్వప్రకాశ కర్తకు తెలుగు నేల సాహిత్య చరిత్రలో చోటు కల్పించాలి. కాపాడటం ఇవ్వడం కన్నా మిన్న అని ఆ శాసనాలు భావి తరాలతో అన్న మాటకు నేటి పరిశోధకులు ఇవ్వగల జవాబు అదే.